దాచిన బలం... దగా కాకూడదు!

రాజు, మంత్రి, సేనాపతి... కంప్యూటర్ యుద్ధక్రీడల్లో ప్రతి పాత్రకీ కొన్ని బలాలు పైకి కనిపిస్తాయి. మరికొన్ని కనిపించవు. ఆ కనిపించనివే ఆటని రక్తి కట్టిస్తాయి. తేడా వస్తే ఆడేవాళ్లకి ఒళ్లు మండేలా చేస్తాయి. మరి ఓ పాత్రలోని రహస్యాన్ని ఎలా దాచాలి, ఎప్పుడు విప్పాలి? ఆ కిటుకు తెలుసుకోవడానికి జపాన్ దాకా వెళ్లక్కర్లేదు. చిత్తూరు జిల్లా కాణిపాకం చుట్టూ ఉన్న కథల్లోనే బోలెడు పాఠాలున్నాయి!

ఓ రాకుమారుడు. పేరు రాజేంద్రుడు. దేశం వేంగి. తండ్రి రాజమహేంద్రవరం నుంచి ఏలిన రాజరాజ నరేంద్రుడు, నన్నయచేత మహాభారతాన్ని తెలుగు చేయించిన ఆ రాజే. 1061లో తండ్రి పోయాడు. సింహాసనం మాత్రం కొడుక్కి దక్కలేదు. బాబాయి విజయాదిత్యుడు ఎక్కి కూర్చున్నాడు. చేసేదిలేక రాకుమారుడు ఎక్కడో బస్తర్ అడవుల వైపు, చక్రకూటం దాకా వెళ్లి యుద్ధాలు చేసుకుంటూ తిరిగాడు.

ఇప్పుడీ రాకుమారుణ్ని ఓ ఆటలో పాత్రగా పెట్టారనుకోండి. కార్డు మీద ఏం రాస్తారు? సైన్యం... కొద్దిగా. ఖజానా... అంతంతమాత్రం. రాజ్యం... సున్నా! పది మంది రాజుల్లోంచి ఒకర్ని ఎంచుకోమంటే ఈ కార్డు జోలికి ఎవరైనా వెళ్తారా?

కానీ 1070లో అదే రాకుమారుడు ఏకంగా చోళ సామ్రాజ్య సింహాసనం ఎక్కేశాడు. చరిత్ర ఆయన్ని మొదటి కులోత్తుంగ చోళుడు అంటుంది. సుమారు యాభై ఏళ్లు ఏలాడు. కాణిపాకంలో వరసిద్ధి వినాయకుడికి గుడి కట్టించింది ఈయనేనని అక్కడి స్థలచరిత్ర చెబుతుంది.

ఇంత బలం ఎక్కణ్నుంచి వచ్చింది? అమ్మ దగ్గర్నుంచి! తల్లి అమ్మంగదేవి సాక్షాత్తూ రాజేంద్ర చోళుడి కూతురు. నానమ్మ కుందవ్వ రాజరాజ చోళుడి కూతురు. కట్టుకున్న భార్య మధురాంతకి కూడా చోళుల ఆడపడుచే. మూడు తరాలుగా కలిసిన నెత్తురు. 1070లో చోళరాజు వీరరాజేంద్రుడు చనిపోయాడు. తర్వాత గద్దెనెక్కిన అధిరాజేంద్రుడు కొద్ది కాలానికే అల్లర్లలో పోయాడు. సింహాసనం ఖాళీ అయింది. అంతవరకూ ఎవరూ లెక్కలోకి తీసుకోని తల్లివైపు చుట్టరికం అప్పుడు అక్కరకొచ్చింది.

ఆటలు తయారుచేసేవాళ్లు 'దాచిన సామర్థ్యం' అనేది దీన్నే. పాత్రలో మొదట్నుంచీ ఉంటుంది. కానీ సమయం వచ్చేదాకా బయటపడదు.

పులిజూదంలో లేని రహస్యం

రాయలసీమ పల్లెల్లో రచ్చబండ మీదా, గుడి మండపాల్లో రాతిపలకల మీదా గీసుకుని ఆడే పులిజూదం తెలుసుగా! మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీంచి దూకి చంపుతుంది. మేకలన్నీ కలిసి పులికి దారిలేకుండా చుట్టుముడతాయి. ఇందులో దాచిందేమీ లేదు. ఏ పావు ఏం చేయగలదో ఇద్దరికీ తెలుసు. చదరంగమూ అంతే. ఏనుగు నిలువుగా, అడ్డంగా వెళ్తుందని పసిపిల్లాడికీ తెలుసు. ఎదుటివాడి మనసులో ఏముందన్నదే అక్కడ రహస్యం.

నిజమైన యుద్ధం అలా ఉండదు కదా! కొండ అవతల ఎంత సైన్యముందో తెలీదు. పక్కనున్న సేనాపతి రేపు ఎటు తిరుగుతాడో తెలీదు. ఈ తెలియనితనాన్ని ఆటలోకి తేవాలని 1824లో ప్రష్యా సైన్యంలోని రైస్విట్జ్ అనే యువ అధికారి ఓ పద్ధతి తయారుచేశాడు. పేరు క్రీగ్‌స్పీల్. జర్మన్‌లో 'యుద్ధక్రీడ' అని అర్థం. ఇద్దరు ఆడతారు. మూడో మనిషి మధ్యవర్తి. ఎవరి సైన్యం ఎక్కడుందో పూర్తిగా తెలిసేది ఆ మధ్యవర్తికే. ఆటగాళ్లకి తమ సైనికులు చూడగలిగినంత మేరే కనిపిస్తుంది. 1899లో ఇంగ్లండ్‌లో హెన్రీ టెంపుల్ అనే ఆయన ఇదే కిటుకుని చదరంగానికి తగిలించాడు. ఎదుటివాడి పావులు కనపడకుండా ఆడే చదరంగమన్నమాట!

ఇక్కడే అసలు సంగతుంది. దాచిపెట్టిన ఆట నడవాలంటే అంతా తెలిసిన మనిషి ఒకరుండాలి. ఆయన నిజాయతీపరుడై ఉండాలి. మధ్యవర్తి అబద్ధమాడితే ఇంక ఆటేముంది? ఇప్పటి కంప్యూటర్ ఆటల్లో ఆ మధ్యవర్తి కంప్యూటరే. దాని వెనకున్న డిజైనరే. మనకి కనిపించని అంకెలన్నీ వాళ్ల చేతిలోనే ఉంటాయి.

అంకెల వెనక మనుషులు

1985లో జపాన్‌కి చెందిన కోయి సంస్థ చైనా 'మూడు రాజ్యాల' గాథ ఆధారంగా ఓ వ్యూహక్రీడ విడుదల చేసింది. వందల మంది వీరులు, మంత్రులు. ఒక్కొక్కరికీ యుద్ధబలం, తెలివి, ఆకర్షణ లాంటివాటికి అంకెలు. తర్వాత భాగాలు వస్తున్నకొద్దీ ఇంకో అంకె గురించి ఆడేవాళ్లకి తెలిసింది. అది తెర మీద కనిపించదు. ఏ వీరుడికి ఏ రాజుతో పొసగుతుందో చెప్పే అంకె అది. జీతం ఎంత పెంచినా, బహుమతులు ఎన్ని ఇచ్చినా పొసగని రాజు దగ్గర వీరుడు నిలవడు. మన ఊళ్లో 'ఇద్దరికీ జాతకాలు కలవలేదు' అంటారే... అచ్చం అలాగే!

1990లో వచ్చిన ఫైర్ ఎంబ్లమ్ ఇంకో దారి పట్టింది. అందులో ప్రతి సైనికుడికీ 'ఎదుగుదల శాతం' ఉంటుంది. అది పైకి చూపించరు. ఇవాళ బలంగా ఉన్న ముసలి వీరుడు అక్కడే ఆగిపోవచ్చు. కత్తి పట్టుకోవడం కూడా రాని కుర్రాడు పది యుద్ధాలు దాటాక అందర్నీ మించిపోవచ్చు. ఓపిగ్గా వెంట తిప్పుకున్నవాళ్లకే ఆ సంగతి తెలుస్తుంది. ఇప్పుడున్న మార్కులు వేరు, ముందుముందు ఎదిగే తీరు వేరు. ప్రోగ్రెస్ కార్డులు సంతకం పెట్టే తల్లిదండ్రులకి ఈ తేడా కొత్తగా చెప్పక్కర్లేదేమో!

2006 నాటి మెడీవల్-2: టోటల్ వార్‌లో బలాలూ, బలహీనతలూ పుట్టుకతోనే రావాలనేం లేదు. నడవడికని బట్టి అంటుకుంటాయి. వరసగా యుద్ధాలు గెలిపిస్తే సేనాపతికి మంచి పేరొస్తుంది. ఊళ్లో ఊరికే కూర్చోబెట్టి, ఖజానాలో సొమ్ము మూలిగేలా ఉంచితే మెల్లగా అవినీతి పడుతుంది. ఏ పని చేస్తే ఏ గుణం వస్తుందన్నది ఆటలో ఎక్కడా పట్టికేసి చెప్పరు. పట్టుదల కలిగిన ఆటగాళ్లు కంప్యూటర్లో ఆట ఫైళ్లు తెరిచి మరీ ఆ సూత్రాలు బయటకి లాగారు.

ఇంక 2020లో వచ్చిన క్రూసేడర్ కింగ్స్-3 అయితే ఓ పెద్ద ఉమ్మడి కుటుంబమే. అందులో కొన్ని లక్షణాలు తల్లిదండ్రుల్లో పైకి కనిపించకుండా ఉండి, పిల్లల్లో బయటపడతాయి. పాత్రలకి రహస్యాలుంటాయి. వేగులవాడు వాటిని పసిగడితే ఎదుటివాడు మన గుప్పెట్లో ఉన్నట్టే. మనసున్న రాజుచేత మరణశిక్షలు వేయిస్తే ఆ రాజుకి ఒత్తిడి పెరిగిపోతుంది. అంటే పాత్ర స్వభావం మనం నొక్కే బటన్‌కి ఎదురు తిరుగుతుందన్నమాట. ఈ ఆటలో చరిత్రని మొదలుపెట్టగలిగే సంవత్సరాల్లో 1066 ఒకటి. ఆ ఏడాదికి మన వేంగి రాకుమారుడు ఇంకా రాజ్యం లేనివాడే. నాలుగేళ్లు ఆగాలి!

కాణిపాకం చెప్పే నాలుగు సూత్రాలు

దాచడం అందరూ చేస్తారు. న్యాయంగా దాచడమే కష్టం. ఏళ్ల తరబడి మంచి ఆటల్ని గమనిస్తే నాలుగు సూత్రాలు కనిపిస్తాయి. చిత్రం ఏంటంటే ఆ నాలుగూ కాణిపాకం కథల్లో ఉన్నాయి.

మొదటిది ఆనవాలు. రహస్యం ఏంటో చెప్పక్కర్లేదు. రహస్యం ఉందన్న జాడ మాత్రం ఉండాలి. కులోత్తుంగుడి కార్డు మీద 'తల్లి: అమ్మంగదేవి, రాజేంద్ర చోళుడి కూతురు' అని ఓ చిన్న గీత రాస్తే చాలు. చదివినవాడు చదువుతాడు. వదిలేసినవాడు తర్వాత 'అరె, కళ్లముందే ఉందే!' అని నాలిక్కరుచుకుంటాడు. అలా అనిపించిందంటే డిజైనర్ గెలిచినట్టే. 'ఇది నాకెలా తెలుస్తుంది?' అని ఆటగాడు మండిపడ్డాడంటే ఓడిపోయినట్టే.

రెండోది సందర్భం. బలం ఎప్పుడు బయటపడాలో ముందే తేలాలి. కాణిపాకం స్థలపురాణం గుర్తుందా? ముగ్గురు అన్నదమ్ములు. ఒకరికి చూపు లేదు, ఒకరికి వినపడదు, ఒకరికి మాట రాదు. ముగ్గురూ కలిసి చిన్న కాణి భూమి సాగుచేసుకుంటున్నారు. ఏతం తోడే బావి ఎండిపోయింది. ఇంకాస్త లోతు తవ్వుదామని దిగితే పార రాతికి తగిలింది. నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ నీళ్లు తగలగానే ముగ్గురి లోపాలూ పోయాయి. అక్కడే స్వయంభువు వినాయకుడు వెలిశాడు. భక్తులు కొట్టిన కొబ్బరికాయల నీళ్లు కాణి పొలమంతా పారాయి కాబట్టి 'కాణిపారకం' అయింది, అదే కాణిపాకంగా మారిందని చెబుతారు.

ఆట తయారుచేసేవాడి కళ్లతో ఈ కథ చూడండి. లోపాలు అందరికీ కనిపిస్తున్నాయి. మహిమ మట్టి కింద దాగుంది. బావి ఎండటం, ముగ్గురూ కలిసి తవ్వడం... ఈ రెండూ జరిగితేనే అది బయటపడింది. బావి నిండుగా ఉన్నన్నాళ్లూ తవ్వాల్సిన పనే లేదు. ఆటలోనూ అంతే. 'రాజధాని ముట్టడిలో ఉన్నప్పుడు', 'ముగ్గురు అన్నదమ్ములూ ఒకే కోటలో ఉన్నప్పుడు' అని కచ్చితమైన షరతు ఉండాలి. ఎప్పుడు పడితే అప్పుడు ఊడిపడే బలానికి విలువుండదు.

మూడోది మూల్యం. ఉచితంగా వచ్చే బలం ఆటని పాడుచేస్తుంది. కాణిపాకం పక్కన పారే బాహుదా నది కథ ఇదే చెబుతుంది. లిఖితుడు ఆకలికి ఆగలేక అన్న శంఖుడి తోటలో పండు అడక్కుండా తిన్నాడు. తప్పు ఒప్పుకుని రాజు దగ్గరికెళ్లి శిక్ష అడిగాడు. రాజు చేతులు నరికించాడు. ఆ తర్వాత నదిలో మునిగితే చేతులు తిరిగొచ్చాయి. బాహువుల్నిచ్చింది కాబట్టి బాహుద. కులోత్తుంగుడూ మూల్యం చెల్లించాడు. ఆయన గద్దెనెక్కిన రోజుల్లోనే సింహళంలో విజయబాహు పొలన్నరువని చేజిక్కించుకున్నాడు. చోళుల చేతుల్లోంచి లంక జారిపోయింది. అటు అధిరాజేంద్రుడి బావ, పశ్చిమ చాళుక్యుల విక్రమాదిత్యుడు శత్రువయ్యాడు. సింహాసనం ఒకటి దక్కితే ఓ దీవి పోయి, ఓ పగ మిగిలింది. ఆటలో ఆ కార్డు తిప్పేముందు ఆటగాడు ఓ క్షణం ఆలోచించాలంటే ఇలాంటి లెక్క ఉండాలి.

నాలుగోది ప్రమాణం. కాణిపాకం అనగానే ముందు గుర్తొచ్చేది ఇదే. 'కాణిపాకం వచ్చి వినాయకుడి ముందు ప్రమాణం చేస్తావా?' అని చిత్తూరు వైపు పల్లెల్లో నిలదీస్తారు. కోనేట్లో మునిగి, స్వామి ఎదుట అబద్ధం చెప్పడానికి జనం జంకుతారు. అక్కడిదాకా వెళ్లకుండానే తగాదాలు తీరిపోయేది అందుకే. డిజైనర్ కూడా ఆటగాడికి ఇలాంటి ప్రమాణమే చేయాలి. 'నేను కొన్ని దాస్తాను. కానీ చెప్పినదాంట్లో అబద్ధం ఉండదు. ఆట మధ్యలో నియమం మార్చను.' ఈ ఒక్క మాట తప్పితే పై మూడు సూత్రాలూ వృథా.

బలమా... బెడదా?

దాచినవన్నీ మంచి గుణాలే అయితే ఆట చప్పగా ఉంటుంది. తిరుపతికి దగ్గర్లోని చంద్రగిరి కోట కథ వినండి. అక్కడి ప్రభువు సాళువ నరసింహుడు. విజయనగర రాజులకి సామంతుడు. రాజ్యం చేతకానివాళ్ల పాలై కూలిపోతుంటే 1485లో తనే సింహాసనం ఎక్కాడు. రాజ్యం నిలబడింది. ఇది నమ్మకద్రోహమా, రాజ్యరక్షణా? రెండూ అనొచ్చు!

1491లో ఆయన పోతూ తన పసివాళ్లని, రాజ్యాన్ని నమ్మకస్తుడైన సేనాపతి తుళువ నరసనాయకుడి చేతిలో పెట్టాడు. నరసనాయకుడు రాజ్యాన్ని గట్టిగా నడిపాడు. అధికారం మాత్రం తన గుప్పెట్లోనే ఉంచుకున్నాడు. 1505 వచ్చేసరికి ఆయన కొడుకు వీరనరసింహుడు సాళువ వంశాన్ని పక్కకి తోసి తనే రాజయ్యాడు. 1509లో ఆ వీరనరసింహుడి తమ్ముడు పట్టాభిషిక్తుడయ్యాడు. ఆయనే శ్రీకృష్ణదేవరాయలు!

ఆట కార్డు మీద నరసనాయకుడికి 'సమర్థత' అని పెద్ద అంకె వేయొచ్చు. 'విధేయత' అంకె మాత్రం కనపడకూడదు. సమర్థుడికి అప్పగిస్తే రాజ్యం నిలుస్తుంది, వంశం పోవచ్చు. అసమర్థుడికి అప్పగిస్తే వంశం నిలుస్తుందేమోగానీ రాజ్యం పోతుంది. ఏ బటన్ నొక్కినా గుండె గుబగుబలాడుతుంది. ఒకే గుణం రెండు వైపులా పదునున్న కత్తిలా పనిచేయడమంటే ఇదీ. ఇలాంటి పాత్ర ఆటలో ఒక్కటున్నా చాలు, ఇంటిల్లిపాదీ వాదించుకుంటారు.

రహస్యానికీ లెక్కుంది

దాచిన బలం ఎంత ఉండాలి? దీనికి చేతివాటం పనికిరాదు, కూడికలు రావాలి. ఓ సైనికుడి బలం పైకి 3. ప్రత్యేక సందర్భంలో ఇంకో 4 కలుస్తుంది. ఆ సందర్భం నాలుగు యుద్ధాల్లో ఒకసారి వస్తుందనుకుందాం. నాలుగుని నాలుగుతో భాగిస్తే సగటున 1. అంటే ఈ సైనికుడు కాగితం మీద 4 బలమున్నవాడితో సమానం. అతణ్ని కొలువులో పెట్టుకోవడానికయ్యే ఖర్చూ అంతే ఉండాలి.

అక్కడితో అయిపోలేదు. ఆటగాడు సందర్భం కోసం కాచుకు కూర్చుంటాడు. నాలుగింట ఒకసారి వచ్చేదాన్ని రెండింట ఒకసారి తెచ్చుకుంటాడు. అప్పుడు సగటు 5 అయిపోతుంది. పైగా 'వాడి దగ్గర ఏదో ఉంది' అన్న అనుమానంతో ఎదుటివాడు వెనకడుగు వేస్తాడు. ఆ భయానిక్కూడా విలువుంది. వాడని ఆయుధం కూడా పనిచేస్తుందన్నమాట. అందుకే అంకెలు వేసి ఊరుకోకుండా పదేపదే ఆడించి చూడాలి. సమానమైన ఆటగాళ్లు 20 ఆటలు ఆడితే రహస్యం ఉన్నవైపే 15 గెలిచారనుకోండి. అది అదృష్టం కాకపోవచ్చు. నాణెం ఇరవైసార్లు ఎగరేస్తే బొమ్మ పదిహేను, అంతకు మించి పడేది నూటికి రెండుసార్లే. ఆ రహస్యం పదును తగ్గించాల్సిందే!

డబ్బు చేరితే...

2000ల్లో ఇంటర్నెట్ కేఫ్‌ల్లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్-2 ఆడినవాళ్లకి ఓ సరదా గుర్తుండే ఉంటుంది. ఒక వాక్యం టైప్ చేస్తే మధ్యయుగం కోటల మధ్యలోకి తుపాకులు పేల్చే కారు వచ్చేస్తుంది! అది దాచిన సామర్థ్యం కాదు, చీట్ కోడ్. అందరూ నవ్వుకోవడానికి పెట్టింది. దానివల్ల ఎవరి జేబుకీ చిల్లు పడలేదు.

జేబుకి చిల్లుపెట్టే రహస్యాలు ఫోన్ల కాలంలో వచ్చాయి. డబ్బు కడితే ఓ మూసిన పెట్టె ఇస్తారు. అందులో గొప్ప వీరుడు రావచ్చు, ఉత్త బంటూ రావచ్చు. వీరుడు వచ్చే అవకాశం నూటికి ఎంతో చెప్పకుండా దాచేవాళ్లు. రాకపోతే మళ్లీ కట్టాలి. వ్యూహం పక్కకిపోయి లాటరీ మిగులుతుంది. పిల్లలు అమ్మానాన్నల కార్డులతో వేలు తగలేసిన ఉదంతాలు ఎన్నో దేశాల్లో బయటికొచ్చాయి. బొమ్మలన్నీ జతచేస్తేనే పెద్ద బహుమతి ఇచ్చే పద్ధతి చట్టవిరుద్ధమని 2012లో జపాన్ వినియోగదారుల సంస్థ తేల్చింది. ఏది వచ్చే అవకాశం ఎంతో బయటపెట్టాల్సిందేనని 2017 మే నుంచి చైనా నియమం పెట్టింది. డబ్బు పెట్టి కొనే ఇలాంటి పెట్టెలు జూదం కిందికే వస్తాయని 2018లో బెల్జియం తీర్మానించింది. దాంతో మరుసటి ఏడాది నింటెండో అక్కడ ఓ ఆటని ఆపేసింది. ఏ ఆటో తెలుసా? ఫైర్ ఎంబ్లమ్ హీరోస్! ఓపిగ్గా పెంచితే కుర్రాడు వీరుడవుతాడని చూపిన ఫైర్ ఎంబ్లమ్ పేరుతో వచ్చిన ఫోన్ ఆటే అది.

రెండింట్లోనూ అంకెలు దాచారు. ఒకదాంట్లో ఆటగాడు కాలం, తెలివి పెట్టి రహస్యం తెలుసుకున్నాడు. రెండోదాంట్లో డబ్బు పెట్టినా తెలుసుకోలేడు. దాచడానికీ దగాకీ మధ్య గీత అక్కడుంది. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చేముందు అమ్మానాన్నలు అడగాల్సిన ప్రశ్న కూడా ఒక్కటే. 'ఈ ఆటలో రహస్యం తెలియాలంటే బుర్ర పెట్టాలా, డబ్బు పెట్టాలా?'

తాత వచ్చాడు... మనవడో?

2022లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్-2కి భారత రాజవంశాలతో ఓ భాగం చేర్చారు. అందులో రాజేంద్ర చోళుడి దండయాత్రలే ఓ కథగా ఆడొచ్చు. సముద్రాలు దాటిన వీరుడు కాబట్టి ఆటకి తేలిగ్గా ఒదిగాడు. ఆయన కూతురి కొడుకే మన కులోత్తుంగుడు. మనవడి గొప్పతనం అంత తేలిగ్గా తెరకెక్కదు. కళింగ యుద్ధం ఉంది, నిజమే. కానీ ప్రజలు గుర్తుపెట్టుకున్న బిరుదు వేరు. సుంకాలు ఎత్తేసినందుకు 'సుంగందవిర్త చోళుడు' అన్నారు. 1077లో చైనాకి 72 మందితో రాయబారం పంపాడు. 1086లో భూములు కొలిపించాడు. ఇవన్నీ కత్తియుద్ధం బొమ్మలో కనపడని బలాలు. సుంకం తీసేస్తే ఖజానాకి ఇవాళ నష్టం. వర్తకులు పెరిగితే రేపు లాభం. ఆ రేపటిని కార్డు కింద ఎంత చక్కగా దాచగలరన్నదే డిజైనర్‌కి పరీక్ష. తెలుగునేల మీద ఇలాంటి కార్డులు ఇంకా బోలెడున్నాయి. బొమ్మలేసే చేతులూ, కోడ్ రాసే చేతులూ మనకి కరవా!

ఇంట్లోనే ఆడి చూడండి!

కంప్యూటర్ అక్కర్లేదు. అట్టముక్కలు, కాగితం, పెన్ను చాలు. ఇద్దరు ఆడొచ్చు.

* ఒక్కొక్కరూ ఆరు కార్డులు చేసుకోండి. ఒక్కోదాని మీద ఓ వీరుడి పేరు, 1 నుంచి 6 వరకూ ఒక్కో బలం, ఓ చిన్న ఆనవాలు వాక్యం రాయండి. ఆ వాక్యం నిజమై ఉండాలి.

* ప్రతి కార్డుకీ వెనక మడతపెట్టిన చీటీ అంటించండి. ఆరింట్లో రెంటిలోనే రహస్యం ఉండాలి. మిగతా నాలుగూ ఖాళీ.

* రాయదగ్గ రహస్యాలు ఇవే: (1) ఎదుటి కార్డు బలం 6 అయితే నాకు 4 కలుస్తుంది. (2) కిందటి పోటీలో నేను ఓడి ఉంటే 2 కలుస్తుంది. (3) చివరి పోటీలో వేస్తే 3 కలుస్తుంది. (4) నెగ్గితే నాకు రెండు పాయింట్లు, ఓడితే ఎదుటివాళ్లకి రెండు. నాలుగోదాన్ని మాత్రం కార్డు వేసేటప్పుడే ప్రకటించాలి. ఈ పట్టిక ఇద్దరి మధ్యా తెరిచే ఉంచండి. ఎవరు ఏ రెండు తీసుకున్నారన్నదే రహస్యం.

* ముందు ఒకరి కార్డులు ఒకరు చదువుకోండి. తర్వాత చేతిలోకి తీసుకుని, పోటీకి ఒకటి చొప్పున బోర్లా వేసి, ఒకేసారి తిప్పండి. సందర్భం కుదిరితే చీటీ విప్పొచ్చు. ఎక్కువ బలమున్నవాళ్లకి పాయింటు. సమానమైతే ఎవరికీ లేదు. ఆరు పోటీలు అయ్యాక లెక్కేయండి.

* ఆట మొత్తంలో ఒక్కసారి 'ప్రమాణం' అడగొచ్చు. 'ఆ వీరుడి దగ్గర రహస్యం ఉందా, లేదా?' ఎదుటివాళ్లు నిజమే చెప్పాలి. అబద్ధమని తేలితే ఆట అక్కడితో ఓడిపోయినట్టే!

ఇంతకీ మొదటి రహస్యాన్ని ఏ కార్డుకి అంటిస్తే మంచిది? 5కి అంటిస్తే 9 అవుతుంది, అంత అవసరం లేదు. 2కి అంటిస్తే 6 దగ్గర సమానమై ఆగిపోతుంది. 3కి అంటిస్తే 7... సరిగ్గా ఒక్క మెట్టు పైన! కానీ ఆ సంగతి ఎదురుగా కూర్చున్న బామ్మకీ తెలుసేమో, జాగ్రత్త!